కృష్ణకూ తుంగభద్రకూ నడుమ

రాయచూరు కోట గోడలో ఒక బండ ఉంది. పొడవు 41 అడుగులు, అతుకు లేని ఒకే రాయి. దాని మీద 1294 నాటి శాసనం. కాకతీయుల సేనాని విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ దుర్గాలను గెలిచి, ఈ కోటను కట్టించాడని అందులో ఉంది. నేటి పేర్లతో చెప్పుకుంటే మొదటిది కర్నూలు జిల్లా ఆదోని, చివరిది రాయచూరు జిల్లా మాన్వి. అంత బండను ఎలా తెచ్చారో అన్న సందేహం ఆనాటివాళ్లకే వచ్చినట్టుంది. పశువులు కట్టిన బండి దాన్ని లాగుతున్న బొమ్మను కూడా అక్కడే గోడ మీద చెక్కించారు.

కోట కట్టినవాళ్ల రాజ్యం ముప్ఫై ఏళ్లలో పోయింది. కోట మాత్రం ఆ తరువాత బహమనీల చేతికి, విజయనగరం చేతికి, బిజాపూర్ చేతికి, మళ్లీ విజయనగరం చేతికి, తిరిగి బిజాపూర్ చేతికి, మొగలుల చేతికి, నిజాం చేతికి మారుతూ వచ్చింది. కోట చుట్టూ, రెండు నదుల నడుమనున్న ఈ ప్రాంతాన్ని చరిత్ర పుస్తకాలు రాయచూరు అంతర్వేది అంటాయి. దాని తూర్పు కొసన, గద్వాల, అలంపురం వైపు జనం నడిగడ్డ అంటారు. బళ్లో చదువుకున్న ప్రతివాళ్లకూ గుర్తుండే వాక్యం ఒకటే: సారవంతమైన రాయచూరు కోసం విజయనగర, బహమనీ రాజులు కొట్టుకున్నారు. కొట్టుకున్న మాట నిజమే. సారం సంగతే కాస్త తరచి చూడాలి.

మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ తూర్పుకు వస్తుంది. శివమొగ్గ జిల్లా కూడ్లి దగ్గర తుంగ, భద్ర కలిసి తుంగభద్ర అయి ఈశాన్యంగా సాగుతుంది. రెండు నదులూ క్రమంగా దగ్గరవుతూ అలంపురం అవతల కూడవెల్లి వద్ద కలుస్తాయి. మధ్యలో మిగిలే భూమి పడమట వెడల్పుగా మొదలై, తూర్పున మొనదేలుతుంది. కర్ణాటకలోని కొప్పళ, రాయచూరు జిల్లాలు, తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా ఇందులోవే. రెండు పెద్ద నదులు చెరోవైపు కాపలా కాస్తున్న నేల అంటే కోనసీమలా పచ్చగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

అలా ఉండదు. పడమటి కనుమలు వానమబ్బును ముందే పిండేసుకుంటాయి. రాయచూరు ప్రాంతంలో కురిసేది ఏడాదికి 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అదీ నమ్మకం లేని వాన. నదుల్లో పారే వరద కనుమల్లో కురిసిన నీళ్లే, ఇక్కడివి కావు. పైగా గోదావరి, కృష్ణ డెల్టాల్లోలాగా నది ఒడ్డుదాటి పొలాల మీద ఒండ్రు పరిచి పోయే చోటు కాదిది. గ్రానైటు రాతినేలను కోసుకుంటూ నది లోతున పారుతుంది, పొలాలేమో గట్టు మీద ఉంటాయి. ఒడ్డున నిలబడిన రైతుకు నీళ్లు కనిపిస్తాయి గాని అందవు.

నేల మాత్రం మంచిదే. సింధనూరు, మాన్వి, రాయచూరు వైపు నల్లరేగడి. ఒకసారి తడిస్తే నెలల తరబడి పదును నిలుపుకుంటుంది. దాని మీద పత్తి, శీతకాలపు తెల్లజొన్న, శనగ పండుతాయి. పడమటికి పోయినకొద్దీ ఎర్రచలకలు, రాతిగుట్టలు. వాన పడిన ఏడు గాదె నిండుతుంది, పడని ఏడు ఊరు ఖాళీ అవుతుంది. 1876-78 నాటి మహాకరువు ఇక్కడి పల్లెలను, తుంగభద్రకు అవతలి బళ్లారి, కర్నూలు పల్లెలను ఒకే తీరున తుడిచిపెట్టింది. రాయచూరు సారవంతమన్న మాట వానను నమ్ముకున్న సారవంతం.

మరి అంతంత సైన్యాలు దేనికి వచ్చాయి?

పటం ముందు పెట్టుకుంటే సగం జవాబు దొరుకుతుంది. విజయనగర రాజధాని తుంగభద్ర దక్షిణపు ఒడ్డున ఉంది. ఎదుటి ఒడ్డు ఆనెగొంది. ఆ ఒడ్డు శత్రువుదైతే రాజధాని గుమ్మంలో శత్రువు కూర్చున్నట్టే. బహమనీల మొదటి రాజధాని గుల్బర్గా. కృష్ణకు దక్షిణాన విజయనగరం పాతుకుపోతే గుల్బర్గాకు అడ్డుగా మిగిలేది ఒక్క నది. కాబట్టి నడుమనున్న రాయచూరు, ముద్గల్ కోటలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు రాత్రి నిద్ర. జొన్న గింజలు, పన్నుల రాబడి, హట్టి దగ్గర అతి పురాతన కాలంనుంచీ తవ్విన బంగారు నేల, ఇవన్నీ దాని మీద లాభం. ఈ బంగారమే మరో గొప్ప సంగతిని కూడా బయటపెట్టింది. 1915లో బంగారం కోసం వెతుకుతున్న బీడన్ అనే ఇంజనీరుకు మస్కిలో ఒక శాసనం కనబడింది. అప్పటిదాకా దొరికిన ధర్మశాసనాల్లో 'దేవానాంప్రియ' అన్న బిరుదే ఉండేది, రాజు పేరు తెలిసేది కాదు. మస్కి రాయి మీద అశోకుడు అన్న పేరు నేరుగా ఉంది. అంటే క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలోనే ఈ అంతర్వేది ఒక పెద్ద రాజ్యపు దక్షిణ భాగం.

విజయనగరం 1336లో, బహమనీ రాజ్యం 1347లో మొదలయ్యాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే తగవు. బిజాపూర్ ఆస్థానంలో ఉండి చరిత్ర రాసిన ఫిరిష్తా చెప్పే కథ ఇది. సుల్తాన్ మొదటి మహమ్మద్ షా ఒక విందులో పాటగాళ్ల పాటకు మురిసిపోయి, వాళ్లకు ఇవ్వాల్సిన బహుమానాన్ని విజయనగర రాయల ఖజానా చెల్లించాలని చీటీ రాయించాడట. బుక్కరాయలు ఆ చీటీ తెచ్చినవాణ్ణి అవమానించి పంపి, తుంగభద్ర దాటి ముద్గల్ మీద పడ్డాడు. ఫిరిష్తా ఇదంతా రాసింది రెండు వందల ఏళ్ల తరువాత, అదీ ఒక పక్షపు కొలువులో కూర్చుని. చీటీ కథను ఎంత నమ్మాలో పాఠకుడి ఇష్టం. 1366-67లో ముద్గల్ దగ్గర మొదలైన ఆ యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు నరికివేతకు గురయ్యాయన్నది, ఆ తరువాత యుద్ధంలో లేనివాళ్లను చంపకూడదని రెండు పక్షాలూ మాట ఇచ్చుకున్నాయన్నది కూడా ఫిరిష్తా రాతల్లోనే ఉంది.

నది ఇక్కడ సరిహద్దు మాత్రమే కాదు, తలుపు కూడా. వానాకాలంలో మూసుకుంటుంది, వరద తగ్గితే తెరుచుకుంటుంది. 1398 ప్రాంతపు దండయాత్రలో ఇది బాగా కనిపిస్తుంది. హరిహరరాయల సేన కృష్ణ దక్షిణపు ఒడ్డున దిగింది. ఫిరోజ్ షా బహమనీ ఉత్తరపు ఒడ్డున. మధ్యలో పొంగిన నది. ఫిరోజ్ సేనలోని కాజీ సిరాజ్ కొందరిని వెంటబెట్టుకుని ఆటపాటల మేళంగా వేషం వేసుకుని నది దాటాడనీ, రాయల కొడుకు డేరాలో కత్తుల ఆట ఆడుతూ ఆడుతూ ఆ కత్తితోనే యువరాజును పొడిచాడనీ, ఆ గందరగోళంలో సుల్తాను సేన ఏరు దాటిందనీ ఫిరిష్తా చెబుతాడు. వివరాలు ఎంతవరకు నిజమైనా, పొంగిన కృష్ణను ఎదురుగా సైన్యం ఉండగా దాటడం మామూలు పద్ధతిలో కుదరదన్న సంగతి మాత్రం కథ చెప్పినవాడికి బాగా తెలుసు.

ఆ తరువాతి వందేళ్లలో జరిగిన పోరాటాలన్నిటినీ ఏకరువు పెట్టడం దండగ. ముద్గల్ కంసాలి కూతురి కోసం మొదటి దేవరాయలు సేనను పంపాడన్న 1406 నాటి కథ, 1420 నాటికి పానగల్లు దగ్గర ఫిరోజ్ ఓటమి, 1443లో రెండో దేవరాయల దండయాత్ర. గెలుపు ఓసారి ఇటు, ఓసారి అటు. సరిహద్దు మాత్రం కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఊగుతూనే ఉంది.

1520 యుద్ధం వేరు. దాన్ని వివరంగా రాసిపెట్టిన నూనిజ్ పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. యుద్ధం జరిగిన పదిహేనేళ్లకు విజయనగరంలో ఉన్నవాడు. ఆయన చెప్పేదాన్ని బట్టి తగవు గుర్రాల డబ్బు దగ్గర మొదలైంది. గోవాలో గుర్రాలు కొనుక్కు రమ్మని కృష్ణదేవరాయలు ఒక వర్తకుడికి 40,000 పర్దావులు ఇచ్చి పంపితే, అతను ఆ సొమ్ముతో, బహమనీ రాజ్యం చీలాక బిజాపూర్ ఏలుతున్న ఆదిల్‌షా పంచన చేరాడు. అప్పగించమంటే ఇస్మాయిల్ ఆదిల్‌షా అప్పగించలేదు. సాకు చిన్నదే. రాయచూరు మీద రాయలకు అంతకుముందే ఉన్న గురి పెద్దది.

రాయలు వెంట తెచ్చిన కాల్బలం ఏడు లక్షలు దాటిందని నూనిజ్ లెక్క. ఈ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోకపోవడం మంచిది. కరువు నేల మీద వేసవిలో అంతమందికి తాగునీళ్లు ఎక్కడ? రాయచూరు కోటలో ముట్టడిలో చిక్కిన తన సేనను విడిపించడానికి ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చాడు. చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ లెక్క కట్టిన ప్రకారం అది 1520 మే 19. బిజాపూర్ ఫిరంగులు ముందు వరసను చీల్చేశాయి. విజయనగర సేన వెనక్కి తిరిగింది. అప్పుడు రాయలు స్వయంగా గుర్రమెక్కి రెండో శ్రేణిని నడిపించాడు. ఫిరంగులు మళ్లీ మందు కూరుకునే లోపల ఎదురుదాడి మీద పడింది. బిజాపూర్ సేనకు వెనక నది ఉంది. పారిపోయినవాళ్లలో మునిగిపోయినవాళ్లే చాలామంది. ఇస్మాయిల్ ఏనుగెక్కి బతికిపోయాడు. దాటి వచ్చేటప్పుడు మీదికి తెచ్చుకున్న నది, తిరిగిపోయేటప్పుడు ఊరికే వదలలేదు.

కోట ఇంకా లొంగలేదు. అప్పుడు గుర్రాలు అమ్మడానికి వచ్చిన క్రిస్టోవావ్ డి ఫిగెరెదో అనే పోర్చుగీసువాడు ఇరవై మంది తుపాకీవాళ్లతో రంగంలోకి దిగాడు. గోడ మీద తల ఎత్తినవాణ్ణి ఎత్తినట్టు కాల్చడంతో గోడ దిగువన సైనికులు గునపాలతో నిశ్చింతగా రాళ్లు పీకే వీలు దొరికింది. కోట సేనాని నుదుటికి గుండు తగిలి చచ్చాక రాయచూరు లొంగింది. గెలిచిన రాయలు, ఆదిల్‌షా వచ్చి తన పాదాన్ని ముద్దు పెట్టుకుంటే కోట తిరిగి ఇస్తానని కబురు చేశాడని నూనిజ్ అంటాడు. షా రాలేదు. సేనను తీసుకుని రాయలే బిజాపూర్ దాకా వెళ్లాడు. గెలిచిన చోట సర్దుకుని ఉంటే దక్కన్ సుల్తానులకు అంత కసి పుట్టేది కాదేమో.

1529లో రాయలు పోయిన వెంటనే ఇస్మాయిల్ రాయచూరును, ముద్గల్‌ను వెనక్కి తీసుకున్నాడు. అళియ రామరాయల కాలానికి అవి మళ్లీ విజయనగరానివయ్యాయి. 1564లో అలీ ఆదిల్‌షా ఈ కోటలను తిరిగి ఇమ్మని అడగడం, రామరాయలు ఆ రాయబారిని వెళ్లగొట్టడం, మరుసటి జనవరిలో సుల్తానులు కలిసి రావడం తెలిసిన కథ. పాఠ్యపుస్తకాలు దాన్ని తాళికోట యుద్ధమంటాయి. తాళికోట కృష్ణకు ఉత్తరాన సుల్తానుల సేనలు కూడిన ఊరు. వాళ్లు ఏరు దాటి దక్షిణపు ఒడ్డుకు వచ్చాకే యుద్ధం జరిగిందని సూయెల్ నిర్ణయం. ఆ లెక్కన విజయనగరం కూలింది కూడా ఈ అంతర్వేది నేల మీదే.

ఆ తరువాత ఈ భూమికి రాజులు మారారు గాని, దాన్ని సరిహద్దుగా చూడాల్సిన అవసరం తగ్గింది. రెండు ఒడ్డులూ ఒకరివే అయినప్పుడు కోటలు ఎవరికి కావాలి? 1686లో బిజాపూర్ ఔరంగజేబు వశమైంది. తూర్పు కొసన సోమనాద్రి కట్టించిన గద్వాల కోట చుట్టూ ఒక సంస్థానం పెరిగి, నిజాముకు కప్పం కడుతూ, పండితులను పోషిస్తూ, 'విద్వద్గద్వాల' అనిపించుకుంది. నూలు ఒంటికి పట్టు అంచు అతికిన గద్వాల చీర ఇప్పటికీ ఆ పేరుతోనే అమ్ముడుపోతోంది.

1853లో ఈ నేల యుద్ధం లేకుండానే చేతులు మారింది. తన పేరన ఇంగ్లీషువాళ్లు నడిపిన సైన్యం తాలూకు అప్పు తీర్చలేక నిజాం బేరారుతో పాటు రాయచూరు అంతర్వేదిని కుంపిణీకి అప్పగించాడు. 1857 తిరుగుబాటులో నిజాం తమవైపు ఉన్నందుకు మెచ్చి 1860లో బ్రిటిషువాళ్లు రాయచూరును తిరిగి ఇచ్చారు, బేరారును మాత్రం ఉంచుకున్నారు. 1871లో బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరులోనే కలిశాయి. పత్తి రైలెక్కింది. నీళ్లు మాత్రం ఇంకా లోయలోనే ఉన్నాయి.

అలాగని ఎవరూ ప్రయత్నించలేదని కాదు. విజయనగర రాజులు తుంగభద్రకు అడ్డంగా రాతి ఆనకట్టలు వేసి, ఆనెగొంది, గంగావతి వైపు కాలువలు తవ్వించారు. వాటిలో కొన్ని ఈనాటికీ పారుతున్నాయి. కానీ అవి తడిపింది ఏటి వెంట సన్నటి పట్టీని. అంతర్వేది నడిబొడ్డుకు నీరు ఎక్కాలంటే నదిని ఎత్తున ఆపాలి. ఆ ఆలోచన 1860లోనే ఆర్థర్ కాటన్ చేశాడు. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు నీటి వాటా తేల్చుకునేసరికి 1944 వచ్చింది. 1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర ఆనకట్టకు రెండు ఒడ్డులా శంకుస్థాపనలు జరిగాయి. ఎడమ కాలువ నిజాముది, కుడి కాలువలు మద్రాసువి. 1953లో నీళ్లు వదిలేనాటికి శంకుస్థాపన చేసిన నిజాం రాజ్యం లేదు. ఆ అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి మైసూరుకు పోయి, కుడివైపు కూడా రెండు రాష్ట్రాల మధ్య చీలింది.

ఎడమ కాలువ 227 కిలోమీటర్లు. గంగావతి, సింధనూరు, మాన్వి, రాయచూరుల్లో సుమారు 6 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. ఇంజనీర్లు తలపెట్టింది వరి మాగాణి కాదు. కరువును కాచుకోవడానికి ఎక్కువ ఎకరాలకు కొద్దికొద్దిగా నీళ్లు, జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలు. ఏ సర్వే నంబరుకు ఏ పంటో కూడా కాగితం మీద రాసిపెట్టారు.

కాగితం చదవనివాళ్లు కోస్తా నుంచి వచ్చారు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఒక ఎకరం అమ్మి ఇక్కడ ఎన్నో ఎకరాలు కొన్నారు. వాననే నమ్ముకున్న స్థానిక రైతుకు ఆ గట్టూ పల్లమూ చదును చేసి మడులు కట్టడానికి పెట్టుబడీ లేదు, అలవాటూ లేదు. వచ్చినవాళ్లకు తెలిసిన వ్యవసాయం అదొక్కటే. చెట్టుతుప్పలు కొట్టి, భూమి చదును చేసి, కాలువ తల దగ్గర వరి వేశారు. పొలాల మధ్య కట్టుకున్న ఊళ్లకు క్యాంపులని పేరు పడింది. గంగావతి దగ్గర శ్రీరాంనగర్ లాంటి చోట్ల బస్సు దిగితే కన్నడ బోర్డు కింద తెలుగు మాటలు వినిపిస్తాయి. సింధనూరు దగ్గర తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల క్యాంపులు కూడా ఉన్నాయి. గంగావతి, సింధనూరు సోనామసూరి బియ్యం ఇవాళ హైదరాబాదు కిరాణా కొట్లలోనూ బస్తాల లెక్కన అమ్ముడవుతున్నాయి.

ఈ కథను క్యాంపుల కష్టార్జితంగా చెప్పడం మామూలు. కష్టం నిజమే. కాని తలకాలువ దగ్గర వరి మడిలో నిలబెట్టిన నీరు కాలువ చివరి పల్లెకు చేరాల్సిన నీరే. మాన్వి, రాయచూరు వైపు చివరి ఆయకట్టు రైతులు దశాబ్దాలుగా నీళ్ల కోసం రోడ్డెక్కుతూనే ఉన్నారు. నీరు ఎక్కువైన పైభాగాన నల్లరేగడిలో చౌడు పేరుకుంది. కరువుకు మందుగా తెచ్చిన కాలువ ఒకే తాలూకాలో కోటీశ్వరులనూ వలసకూలీలనూ పక్కపక్కన తయారుచేసింది. ప్రణాళిక వేసినవాళ్లు ఈ సంగతిని ముందుగా ఊహించి ఉండాల్సింది.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు రాయచూరు జిల్లా మైసూరుకు పోయింది. తెలుగు మాట్లాడే గద్వాల, అలంపురం తాలూకాలను మాత్రం విడదీసి మహబూబ్‌నగర్‌లో కలిపి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భాష లెక్కన సరైన గీతే. నీటి లెక్కన చిక్కు తెచ్చిన గీత. దానికి రాజోలిబండ ఒక్కటి చూస్తే చాలు. నిజాం కాలంలో మొదలై 1958లో పూర్తయిన ఆ ఆనకట్ట ఎడమ కొస రాయచూరు జిల్లాలో, కుడి కొస కర్నూలు జిల్లాలో. దాని కాలువ మొదటి 43 కిలోమీటర్లు కర్ణాటకలో పారి, తరువాత అలంపురం వైపు సాగుతుంది. తెలుగు ఆయకట్టు 87,500 ఎకరాలు. కృష్ణా జలాల వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ దానికి 15.9 టీఎంసీలు కేటాయించింది. పై రాష్ట్రం రైతులు కాలువ మొదట్లో తోడుకోవడం, అవతలి ఒడ్డు రైతులు ఆనకట్ట ఎత్తు పెంచనివ్వకపోవడం, కింద అలంపురం పొలాలు ఎండడం ఏళ్ల తరబడి సాగింది. తెలంగాణ ఉద్యమంలో ఈ రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) పెద్ద నినాదమయ్యింది అందుకే. 2014 తరువాత ఒక ఆనకట్టకు మూడు రాష్ట్రాలయ్యాయి. కొరత తీర్చడానికి తెలంగాణ తుమ్మిళ్ల దగ్గర తుంగభద్ర నుంచి నేరుగా తోడుకునే ఎత్తిపోతల పథకం పెట్టుకుంది.

నడిగడ్డకు రెండోవైపు నుంచి కృష్ణ నీరు జూరాల ప్రాజెక్టుతో అందింది. గద్వాల ఇప్పుడు పత్తి విత్తనానికి దేశంలో పేరున్న చోటు. ఒక రకం పూల పుప్పొడిని మరో రకం పూలకు చేత్తో అద్దే ఆ పని పూర్తిగా కూలీల వేళ్ల మీద నడుస్తుంది. అదే నేలకు మరో వైపు నుంచి నీళ్లు చుట్టుముట్టాయి. శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయం మునుగుతుందని రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు అడ్డుకట్ట చాటున నిలబడ్డాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలుతో పాటు అలంపురం కూడా నీళ్లలో చిక్కుకుంది. వాన లేక ఎండే ప్రాంతం వరదలో మునగడం ఇక్కడ వింత కాదు. నీళ్లు ఎప్పుడూ పై నుంచి వచ్చినవే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం నిండుగా ఉన్నప్పుడు 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. మిగిలిన గేట్ల మీద భారం పడకుండా వాటినీ ఎత్తి, రోజుల తరబడి నీరు వదలాల్సి వచ్చింది. రెండు వైపుల కాలువల కిందా నాట్లు వేసిన మూడు రాష్ట్రాల రైతులు టీవీల ముందు కూర్చున్నారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు నేతృత్వంలో పారుతున్న నీటిలోనే ఉక్కు దిమ్మెలను ఒకదాని మీద ఒకటి దించి వారం రోజుల్లో ఖాళీని మూశారు. ఆ ఏటి పంట దక్కింది. జలాశయం అసలు సామర్థ్యం 130 టీఎంసీల పైమాటే. పూడిక వల్ల అది 105 టీఎంసీల చిల్లరకు తగ్గింది. పోయిన నీటికి బదులుగా కొప్పళ జిల్లా నవలి దగ్గర మరో జలాశయం కట్టాలని కర్ణాటక చాలాకాలంగా అడుగుతోంది. దానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఒప్పుకోవాలి.